డిబేటింగ్ క్లబ్బు నుంచి కన్యాశుల్కం దాకా: గురజాడ అప్పారావు గారి జీవితం

మన కూర్మన్నపాలెం జంక్షన్‌లో నిలబడి అనకాపల్లి వైపు వెళ్ళే బస్సెక్కి, కశింకోట దాటి ఎలమంచిలి దాకా పోతే ఆ పక్కనే ఎస్. రాయవరం వస్తుంది. మహాకవి గురజాడ వెంకట అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న పుట్టింది ఆ ఊళ్ళోనే. ఆ రోజుల్లో అది విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు ఏదైనా ఆయన మన వైపు మనిషి. ఆయన విగ్రహం విశాఖ బీచ్ రోడ్డులో ఉంది, సిరిపురంలో ఆయన పేరుతో కళాక్షేత్రం ఉంది, విజయనగరంలో ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయానికి కూడా 2022లో ఆయన పేరే పెట్టారు. ఆయన గురించి మనం చదివింది మాత్రం ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా కవి పరిచయంలో ఉండే ఆరేడు లైన్లు. పుట్టిన తేదీ, పోయిన తేదీ, రచనలు, బిరుదు. పరీక్షకు అవి చాలు. హాస్టల్లో ఉండి చదువుకునే మనలాంటి వాళ్ళకు ఆ లైన్ల మధ్యలో ఉన్న జీవితం ఎక్కువ పనికొస్తుందని మా నమ్మకం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఇది రాస్తున్నాం.

ఆయన తండ్రి వెంకట రామదాసు గారు విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. తల్లి కౌసల్యమ్మ గారు. తండ్రి చీపురుపల్లిలో పనిచేస్తున్నప్పుడు అప్పారావు గారి చదువు అక్కడే మొదలైంది. తండ్రి చనిపోవడంతో చదువుకోసం విజయనగరం చేరారు. ఉండడానికి ఇల్లు లేదు. అప్పుడు మహారాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న చంద్రశేఖర శాస్త్రి గారు ఆ కుర్రవాణ్ణి తన దగ్గర ఉంచుకుని అన్నం పెట్టి చదివించారు. డబ్బు తీసుకోలేదు. తండ్రి లేని పిల్లవాడు, పరాయి ఇంట్లో పడక, పరాయి ఇంట్లో తిండి. ఈ ఒక్క సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో మాకు తెలియదు. ఉండి ఉంటే మన హాస్టల్లో మొదటి వారం ఏడ్చే ఆరో తరగతి పిల్లలకు చెప్పడానికి పనికొచ్చేది.

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అప్పారావు గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. పేదవాడైనా ఆ ఇంటి తలుపు ఆయనకు తెరుచుకుంది. అదే ఏడాది అదే వీధిలో మన తాత ముత్తాతల్లో ఒక కుర్రవాడు పుస్తకం పట్టుకుని నిలబడితే ఆ తలుపు తెరుచుకునేది కాదు. శాస్త్రి గారి మంచితనాన్ని తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. ఒక మంచి మనిషి దయ మీద ఆధారపడిన అన్నానికీ, ప్రభుత్వం హక్కుగా పెట్టే అన్నానికీ ఉన్న తేడా తెలియాలని చెబుతున్నాం. మన మెస్సులో సాంబారు పల్చగా ఉందని మనం వార్డెన్ గారితో పేచీ పెట్టుకోగలం. అప్పారావు గారు పెట్టుకోగలిగి ఉండరు.

మహారాజా వారి విద్యాలయం 1857లో బడిగా మొదలై 1879లో కళాశాల అయింది. అప్పారావు గారు 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ. పూర్తిచేశారు. ఆ చదువు మధ్యలోనే, 1883లో, సారంగధర అనే కావ్యం ఇంగ్లీషులో రాశారు. ఇండియన్ లీజర్ అవర్ అనే పత్రికలో అది అచ్చయింది. అప్పటికి ఆయనకు 21 ఏళ్ళు. అన్న ఇంగ్లీషులో పద్యాలు రాస్తే తమ్ముడు శ్యామలరావు కూడా రాసేవారట. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ ఆ కావ్యం చూసి మెచ్చుకుని తన పత్రికలో మళ్ళీ వేశారు. మెచ్చుకుంటూనే ఒక సలహా కూడా ఇచ్చారు. పరాయి భాషలో ఎంత బాగా రాసినా పరాయిదే, నీ భాషలో రాయి అని దాని సారాంశం. విజయనగరం కుర్రవాడికి తెలుగులో రాయమని కలకత్తా బెంగాలీ ఆయన చెప్పడం విచిత్రంగానే ఉంటుంది. ఇంటి విలువ పొరుగువాడు చెబితే గానీ తెలియదని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అనేది ఇందుకే కాబోలు.

ఎఫ్.ఏ. అయిన వెంటనే 1884లో మహారాజా ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం నెలకు 25 రూపాయలు. పనిచేస్తూనే చదివి 1886లో బి.ఏ. పూర్తిచేశారు. తత్త్వశాస్త్రం ముఖ్య విషయం, దానితో పాటు సంస్కృతం. కొన్నాళ్ళు డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేశారు. 1887లో మహారాజా కళాశాలలో అధ్యాపకుడయ్యారు. జీతం 100 రూపాయలు. మూడేళ్ళలో నాలుగింతలు. ఇది చదివి మనవాళ్ళు కొందరు డి.ఎస్.సి. వద్దు, నెట్ రాద్దాం అనుకుంటే మంచిదే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ మధ్య హైస్కూళ్ళలో ఇంగ్లీషు క్లబ్బు, డ్రామా క్లబ్బు, బిజినెస్ క్లబ్బు అని పెడుతున్నారు. మార్కులకు పనికిరాని వ్యవహారమని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. పిల్లలు కూడా సాయంత్రం పూట క్రికెట్ పోతుందని వెనకాడతారు. గురజాడ గారి జీవితంలో చూస్తే తరగతి గది పెట్టినంత భిక్ష ఆ సాయంత్రాలూ పెట్టాయి. విజయనగరంలో ఆనందగజపతి మహారాజు పేరుతో ఒక డిబేటింగ్ క్లబ్బు ఉండేది. 1889లో అప్పారావు గారిని దానికి ఉపాధ్యక్షుడుగా ఎన్నుకున్నారు. అంతకు రెండేళ్ళ ముందే, 1887లో, విజయనగరంలో జరిగిన కాంగ్రెసు సభలో ఆయన ప్రసంగించారు. కాంగ్రెసు పుట్టి అప్పటికి రెండేళ్ళే. 1888లో విశాఖపట్నంలో వాలంటీరు దళంలో సభ్యుడయ్యారు. పాతికేళ్ళ ఉపాధ్యాయుడు సాయంత్రం ఇంటికి పోయి పడుకోకుండా ఇవన్నీ చేశాడు.

డిబేటింగ్ క్లబ్బులో ఏ విషయాల మీద వాదించుకున్నారో మేము చెప్పలేం గానీ, అక్కడి మనుషుల్ని ఆయన ఎంత దగ్గరగా చూశారో కన్యాశుల్కం చదివితే తెలుస్తుంది. ఉపన్యాసాలిచ్చే క్లబ్బుకు ఉపాధ్యక్షుడైన మనిషే తెలుగులో కెల్లా పెద్ద ఉపన్యాసకుణ్ణి, అదీ దొంగ ఉపన్యాసకుణ్ణి, సృష్టించాడు. అతడే గిరీశం. గిరీశానికి ఇంగ్లీషు వచ్చు, మాట వచ్చు, సభ రంజింపజేయడం వచ్చు. సంఘ సంస్కరణ మీద గంట మాట్లాడి, ఆ గంటలోనే ఎదుటివాడి డబ్బు కాజేస్తాడు. ఒక బండివాడికి దారి పొడుగునా కాంగ్రెసు గురించి ఉపన్యాసం దంచితే, అంతా విన్న బండివాడు తమ ఊరి కానిస్టేబులును ఎప్పుడు బదిలీ చేస్తారని అడుగుతాడు. గిరీశం దృష్టిలో ఆ బండివాడు తెలివితక్కువవాడు. మాకు మాత్రం ఆ ఉపన్యాసంలో పనికొచ్చే ప్రశ్న వేసినవాడు అతనొక్కడే అనిపిస్తుంది. స్వయంగా కాంగ్రెసు సభలో మాట్లాడిన అప్పారావు గారు తన మీద తనే ఈ వేళాకోళం ఆడుకున్నారేమో కూడా. క్లబ్బులో నాలుగు మాటలు నేర్చుకోబోయే తమ్ముళ్ళు గిరీశాన్ని ఒకసారి చదివి వెళ్ళండి.

వెంకటేశం సంగతి ఇంకా మనకు దగ్గరిది. పరీక్ష తప్పిన విద్యార్థి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక గిరీశాన్ని వెంట తెచ్చుకుంటాడు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడమంటే గురుశిష్యులిద్దరూ వాచకాల్లోని పొంతన లేని ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. కన్నవాళ్ళు మురిసిపోతారు. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, ఆ తర్వాత ఒక్క క్షణం గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మా ఇళ్ళల్లో కూడా డిగ్రీ దాకా చదివిన మొదటి వాళ్ళం మేమే. సెలవులకు వెళ్తే అమ్మ నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడమంటుంది. మేమూ ఏవో రెండు ముక్కలు అన్నాం. అమ్మ కూడా మురిసింది.

ఈ నాటకం ఎందుకు పుట్టిందో లెక్కలతో సహా ఉంది. అప్పట్లో ఆడపిల్లకు డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు పెళ్ళి చేసేవారు. ఆ డబ్బే కన్యాశుల్కం. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా తయారుచేయించారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి అది పూర్తి జాబితా కాదు. అయినా 1034 పెళ్ళిళ్ళు తేలాయి. ఏడాదికి సగటున 344. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. అప్పారావు గారు బడిపంతులుగా మొదట తీసుకున్న జీతంతో లెక్కవేస్తే అది సుమారు 14 నుంచి 16 నెలల జీతం. బిజినెస్ క్లబ్బులో సరుకు, ధర, దళారీ, కమీషను అని నేర్పుతారు కదా, అవన్నీ ఈ నాటకంలో ఉన్నాయి. సరుకు ఆడపిల్ల, దళారీ రామప్పంతులు. లెక్కలు కట్టడం ఒక్కటే వ్యాపార విద్య కాదు, దేనికి ధర కట్టకూడదో తెలియడం కూడా అందులో భాగమని ఆ జాబితా చూశాక మాకు అనిపించింది.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ నాటక సమాజం వారు కన్యాశుల్కాన్ని ప్రదర్శించారు. మంచి పేరు వచ్చింది. అంతకు 12 ఏళ్ళ ముందు, 1880లో, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తన విద్యార్థులకు వేషాలు వేయించి నాటకాలు ఆడించారు. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన మొదలైందే బడిపిల్లలతో అన్నమాట. వీరేశలింగం గారి పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. డ్రామా క్లబ్బులను కొత్త ఫ్యాషన్ అనే వాళ్ళకు ఈ సంగతి చెప్పవచ్చు.

కన్యాశుల్కం 1897లో పుస్తకంగా వచ్చింది. దాన్ని ఆనందగజపతి గారికే అంకితమిచ్చారు. ఆ సంవత్సరమే మహారాజు కన్నుమూశారు. పుస్తకానికి అప్పారావు గారు ఇంగ్లీషులో ముందుమాట రాస్తూ తన ఉద్దేశాలు రెండు చెప్పారు. ఒకటి సంఘ సంస్కరణ. రెండోది, తెలుగు భాష నాటకానికి పనికిరాదనే దురభిప్రాయాన్ని పోగొట్టడం. ఆ రెండోది మాకు చాలా ముఖ్యం. అప్పటి పుస్తకాల తెలుగు వేరు, నోటి తెలుగు వేరు. పుస్తకంలో రాయాలంటే పండితులు ఒప్పుకున్న గ్రాంథికమే రాయాలి. అప్పారావు గారు విజయనగరం వీధుల్లో, అగ్రహారాల్లో, పూటకూళ్ళ ఇంట్లో వినబడిన మాటల్ని అలాగే ఎత్తి రంగస్థలం మీద పెట్టారు. అంతటితో ఊరుకోలేదు. అచ్చయిన పుస్తకాన్ని పట్టుకుని మళ్ళీ చెక్కుతూ పోయారు. 12 ఏళ్ళ తర్వాత, 1909లో, ఏడు అంకాల పెద్ద నాటకంగా రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు మనం చదివేది, 1955లో సినిమాగా వచ్చినప్పుడు ఆధారమైనది ఆ నాటకమే. సినిమాలో గిరీశంగా ఎన్టీ రామారావు, మధురవాణిగా సావిత్రి నటించారు. మా దృష్టిలో నాటకంలో అందరికంటే పెద్ద మనిషి మధురవాణే, ఆమెను వేశ్య అని చిన్నచూపు చూసే పెద్దమనుషుల కంటే.

ఈ భాష సంగతి మేము పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, తగిలి నేర్చుకున్నాం. మాలో ఒకరు పీజీలో మొదటి సెమినార్ ఇస్తూ నోరుజారి ఏటి అన్నారు. తరగతి అంతా నవ్వింది. ఏమిటి అంటే చదువు, ఏటి అంటే మొరటు. అంతకు ముందు హైస్కూల్లో నాటకం వేసినప్పుడు కూడా గుమాస్తా, డాక్టరు, తండ్రి వేషాలు ఊళ్ళో పిల్లలకు పోయేవి. పాలేరు, దొంగ, తాగుబోతు వేషాలు హాస్టలు పిల్లలకు వచ్చేవి. ఆ యాస మీకు బాగా వస్తుంది కదా అనేవారు. చప్పట్లు మాత్రం మాకే ఎక్కువ పడేవి, అది వేరే సంగతి.

కన్యాశుల్కంలో అసిరిగాడు అని ఒక పనివాడు ఉన్నాడు. మన ఉత్తరాంధ్రలో అసిరి పేరు లేని ఊరు ఉండదు. అప్పారావు గారు అతని నోట అతని మాటే పెట్టారు, దాన్ని దిద్దలేదు. పుస్తకంలో మన ఇళ్ళ పలుకుబడికి దగ్గరి మాట చూసి మేము సంతోషించాం. నిజం చెప్పాలంటే కొంచెం వెలితి కూడా అనిపించింది. అంత పెద్ద నాటకంలో అసిరిగాడు మొదటి నుంచి చివరి దాకా పనివాడే. అతని ఇల్లెక్కడో, పిల్లలెవరో, కొడుకును బడికి పంపాడో లేదో నాటకం చెప్పదు. అది అగ్రహారాల కథ, ఆ గోడ అక్కడ ఉంది. ఆ గోడకు ఇవతల ఏముందో చెప్పడానికి తర్వాత మనవాళ్ళే రావలసి వచ్చింది. అప్పారావు గారు పోయేనాటికి గుర్రం జాషువా గారికి 20 ఏళ్ళు. ఆ తరువాతి కాలంలో బోయి భీమన్న గారు పాలేరు అనే నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. అసిరిగాడి తర్వాతి అంకం అదే అని మేము అనుకుంటాం.

అయితే అప్పారావు గారు ఆ గోడను చూడలేదని కాదు. లవణరాజు కల అనే గేయంలో ఒక రాజుకు మాల పిల్ల మీద ప్రేమ కలుగుతుంది. మనుషుల్లో ఉన్నవి మంచి, చెడు అనే రెండు కులాలేననీ, మంచి ఎటుంటే తాను అటే ఉంటాననీ అర్థం వచ్చేలా అందులో రాశారు. వందేళ్ళ కిందట, ఆ కుటుంబంలో పుట్టి, ఆ ఉద్యోగంలో ఉండి అంత మాట అచ్చులో అనడం చిన్న విషయం కాదు.

1897 తర్వాత ఆయన జీవితం సంస్థానం పనులతో నిండిపోయింది. అంతకు ముందే 1891లో సంస్థానంలో శాసన పరిశోధకుడుగా నియమించారు. మహారాజు పోయాక ఆయన సోదరి రీవా మహారాణి గారికి కార్యదర్శి అయ్యారు. వారసత్వ దావా కాగితాలు, లాయర్లు, ప్రయాణాలు. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. అయినా 1910 ఒక్క ఏడాదిలో చూడండి. ముత్యాల సరాలు, దేశభక్తి గేయం, దిద్దుబాటు కథ. దిద్దుబాటు 1910 ఫిబ్రవరి ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది.

ఈ కాలంలోనే తెలుగు చదువుల్లో పెద్ద యుద్ధం నడిచింది. పర్లాకిమిడి హైస్కూల్లో పంతులుగా పనిచేసి, సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తి గారు అప్పారావు గారి స్నేహితుడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. వీళ్ళతో పాటు ఈ ప్రాంతపు బడుల ఇన్‌స్పెక్టరు యేట్సు దొర, విశాఖ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు. నలుగురూ బడితో సంబంధం ఉన్నవాళ్ళే. పిల్లలు తాము మాట్లాడే భాషలో చదవాలి, రాయాలి అన్నారు. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ వ్యాస పరీక్షను పాత భాషలో గానీ కొత్త భాషలో గానీ రాసుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితులు గగ్గోలు పెట్టారు. కొద్దికాలానికే దాన్ని రద్దుచేశారు.

అప్పారావు గారు 1911 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయం పాఠ్య నిర్ణాయక మండలిలో సభ్యుడు. అక్కడ ఎక్కువమంది గ్రాంథికం వైపు ఉన్నారు. ఆయన 1914లో తన అసమ్మతిని రాసి ఇచ్చారు. కవుల గ్రంథాల నుంచి, వ్యాకరణాల నుంచి సాక్ష్యాలు తీసి ఒక పుస్తకమంత రాశారు. డిబేటింగ్ క్లబ్బులో పాతికేళ్ళ కిందట నేర్చిన విద్య అక్కడ పనికొచ్చింది. గొంతు పెంచడం కాదు, ఆధారం చూపించడం. ఆ రోజు ఓట్లు ఆయనకు రాలేదు. విశ్వవిద్యాలయాల్లో వాడుక తెలుగుకు పూర్తి చోటు దొరకడానికి ఆయన పోయాక ఇంకో యాభై ఏళ్ళ పైనే పట్టింది. మేము పీజీ పరీక్షలు రాసింది ఆ తెలుగులోనే.

1913లో ఉద్యోగ విరమణ చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఫెలోగా గౌరవించింది. 1915 నవంబరు 30న కన్నుమూశారు. 53 ఏళ్ళు. విజయనగరంలో ఆయన నివసించిన ఇల్లు స్మారకంగా ఉంది. దువ్వాడ స్టేషనులో పొద్దున రైలెక్కితే ఇల్లు చూసుకుని, మహారాజా కళాశాల కూడా చూసుకుని, రాత్రి అటెండెన్స్ వేళకు హాస్టలుకు తిరిగి రావచ్చు.